విశ్వనాథం గారి ఫెయిర్ రికార్డు

ముందు విశ్వనాథం చేతిరాత గురించి చెప్పుకోవాలి. ఆయన దగ్గర చెప్పుకోదగ్గది అదొక్కటే. మనిషి పొట్టి, గొంతు పీల, తెలివి మధ్యరకం. చెయ్యి మాత్రం బంగారం. కాకినాడలో బీయస్సీ చదివే రోజుల్లో హాస్టల్లో సగం మంది ఫిజిక్సు రికార్డులు ఆయనే రాసిపెట్టాడు. నల్ల సిరాతో పాఠం, నీలం సిరాతో పట్టికలు, ప్రతి శీర్షిక కిందా ఎర్ర సిరాతో రెండేసి గీతలు. ఆ రికార్డు తెరిచిన లెక్చరరు లోపల ఏముందో చదవకుండానే సంతకం పెట్టేవాడు. చదవకుండా ఉండటానికే అంత అందంగా రాయిస్తారని గిట్టనివాళ్ళు అనేవారు. మంగతాయారు బోటనీ రికార్డు కూడా ఆయనే రాశాడు. అందులో మందారపువ్వు నిలువుకోత బొమ్మ చూసి ఆవిడ తండ్రి ఇంకేమీ విచారించకుండా పిల్లనిచ్చేశాడు.

అక్కడ ఒకరి రికార్డు ఇంకొకరు రాయడం తప్పేమీ కాదు. అక్కలు తమ్ముళ్ళకి రాసిపెడతారు, మరదళ్ళు బావలకి రాసిపెడతారు, ఎవరికైనా జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చినంత మామూలుగా. రాసిపెట్టనివాణ్ణే స్వార్థపరుడంటారు.

సింగపూరు వచ్చాక ఆ బంగారపు చేతికి పని లేకుండా పోయింది. ఈ కథ జరిగింది తొంభై తొమ్మిదో సంవత్సరంలో. అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చున్న ప్రతివాడూ విమానం ఎక్కి దిగిపోతున్న రోజులు. విశ్వనాథం వాళ్ళకంటే ఐదేళ్ళు ముందే వచ్చి, ఒక బ్యాంకులో కోబాల్ ప్రోగ్రాములు చూస్తున్నాడు. రెండంకెల్లో ఉన్న సంవత్సరాలన్నిటినీ వెతికి పట్టుకుని నాలుగంకెలు చెయ్యడం ఆయన ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరుల అంకెలు సరిచెయ్యడమే. అందులో కలం అవసరం ఎక్కడా లేదు. ఆయన పైన టీమ్ లీడు పార్థసారథి. ఈ పార్థసారథి కాకినాడ హాస్టల్లో పక్కగది వాడే. అతని మూడేళ్ళ రికార్డులూ విశ్వనాథం రాసినవే. ఆ సంగతి ఇద్దరిలో ఒకరికే గుర్తున్నట్టు కనిపించేది.

అందుకని, కూతురు గీతాంజలి ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఇచ్చిన మొదటి లాబ్ రిపోర్టు మీద ట్యూటరు 'చదవడం నా వల్ల కాలేదు' అని రాసి మార్కులు కోసినప్పుడు, విశ్వనాథానికి కోపం రావాల్సింది పోయి పండగొచ్చింది. గీతాంజలి రాత నిజంగానే ఘోరం. కోడి కాలికి సిరా పూసి వదిలితే అంతకంటే నయంగా రాస్తుంది.

"నువ్వు ప్రయోగం చేసుకో అమ్మలూ. రఫ్ కాగితాలు నాకు పడెయ్. ఫెయిర్ రికార్డు సంగతి నాన్నకొదిలెయ్" అన్నాడు.

"కాపీ చేస్తే చాలు నాన్నా. ఊరికే ఆర్ట్ చెయ్యకు" అంది గీతాంజలి. అని వదిలేసింది. రాయడం తప్పితే చాలనుకునే పిల్ల. తండ్రి ప్రతి ఆదివారం భోజనమయ్యాక మూడు కలాలూ ముందేసుకుని కూర్చోవడం, సోమవారం ఆ పుస్తకం తెరవకుండానే తను సంతకం పెట్టి ఇచ్చెయ్యడం, ఏడాదంతా అలాగే గడిచింది.

రెండో ఏడాది మొదట్లో యూ టీ అనే పేటలోని వాళ్ళ ఫ్లాటుకి బంగారురంగు అంచు కవరు వచ్చింది. లారెల్ సొసైటీలోకి గీతాంజలిని ఆహ్వానిస్తున్నారు. కాలేజీలో అందరికంటే పైనున్న పదిమందిని ఏరి, తెల్ల బ్యాడ్జీ పెట్టి, చదువులో నిజాయితీగా ఉంటామని ప్రమాణం చేయించే సంఘం అది. ఆ బ్యాడ్జీ ఉంటే కంపెనీలు చదువు పూర్తవ్వక ముందే వచ్చి పట్టుకుపోతాయని ప్రతీతి. గీతాంజలికి కావలసింది ఉద్యోగం కాదు. సొసైటీ వాళ్ళకి మాత్రమే సెలవుల్లో పరిశోధనశాలలో కూర్చుని పనిచేసే అవకాశం ఇస్తారు. దానికోసం ఆ పిల్ల ఏడాదిగా కలలు కంటోంది. ఆ సొసైటీకి ప్రెసిడెంటు పార్థసారథి కొడుకు కౌశిక్. ఏడాదిగా ఆఫీసులో ఆ బ్యాడ్జీ గురించి విని విని విశ్వనాథం చెవులు చిల్లులు పడి ఉన్నాయి.

మంగతాయారు ఆ సాయంత్రంలోగా వాళ్ళ బ్లాకులో పన్నెండు అంతస్తులకీ కబురు చేరేసింది. కింద కాయలమ్మే చైనా అవ్వకి కూడా చెప్పింది. ఆవిడకి అర్థం కాకపోయినా రెండు నారింజలు ఎక్కువ వేసింది.

సభ శనివారం మధ్యాహ్నం. విశ్వనాథం పెళ్ళినాటి కోటు వేసుకున్నాడు. గుండీలు పడలేదు. హాల్లో ఒక పొడుగాటి బల్ల. కొత్తగా చేరేవాళ్ళ పని ఒక్కొక్కటి గాజుపలక కింద పెట్టి, చుట్టాలు చూసేలా అమర్చడం వాళ్ళ సంప్రదాయం. నాలుగోది గీతాంజలి లాబ్ బుక్. సింపుల్ పెండ్యులమ్ ప్రయోగం, దారానికి గుండు కట్టి ఊపి, ఊపులు లెక్కపెట్టి, భూమి లాగే బలం, అంటే జి, కొలవడం. ఆ పేజీ తెరిచి పెట్టారు. కింద అచ్చులో ఒక చీటీ: 'మొదటి సంవత్సరం విద్యార్థులకు నమూనాగా ఎంపికైన రికార్డు.'

విశ్వనాథం ఆ గాజుపలక ముందు నిలబడిపోయాడు. ఇరవై ఐదేళ్ళ తర్వాత తన రాతకి గౌరవం. అదీ గాజు కింద! మనుషులు వంగి చూస్తున్నారు. ఎవరో పెద్దావిడ 'ఎంత అందం' అంది. విశ్వనాథానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పేజీ కూతురిదని ఆ క్షణంలో ఆయనకి గుర్తే లేదు.

వెనకనుంచి పార్థసారథి వచ్చి తొంగిచూశాడు. చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఒరేయ్ విశ్వం, ఇది నీ రాత కదరా!"

గొంతు తగ్గించే అన్నాడు. పైగా తెలుగులో అన్నాడు. విశ్వనాథం నవ్వేసి ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ పార్థసారథికి ఇన్నేళ్ళకి ఆ రాత గుర్తొచ్చిందన్న ఆనందంలో ఆయనకి ఒళ్ళు తెలియలేదు. పక్కనే ఉన్న డీన్ గారి వైపు తిరిగి, హాలంతా వినబడేలా, ఇంగ్లీషులో, "సార్, దిసీజ్ మై హ్యాండ్‌రైటింగ్" అన్నాడు.

డీన్ సన్నగా, పొడుగ్గా ఉండే మేనేజ్‌మెంటు ప్రొఫెసరు. మొదట జోకనుకుని నవ్వాడు. "మీరు మీ అమ్మాయికి రాయడం నేర్పించారన్నమాట" అన్నాడు.

"నో నో సార్. నేనే రాశాను. అన్ని రికార్డులూ. బొమ్మలు, గ్రాఫులు, మొత్తం. రీడింగులు కూడా అక్కడక్కడా సరిచేశాను. లేకపోతే గ్రాఫులో గీత తిన్నగా రాదు కదా సార్" అన్నాడు విశ్వనాథం, వినయంగా.

కర్రీ పఫ్ నములుతున్నవాళ్ళు నమలడం ఆపారు. మంగతాయారు మాత్రం మొగుణ్ణి డీన్ అంతసేపు మెచ్చుకుంటున్నాడనుకుని నాలుగువైపులా చూసి నవ్వుతోంది.

గీతాంజలి జనాన్ని తప్పించుకుంటూ వచ్చి గాజుపలక మీదికి వంగింది. తన రికార్డుని తను చూడటం అదే మొదటిసారి. పేజీ అడుగున ఎర్ర గీతల మధ్య జి విలువ తళతళలాడుతోంది. తొమ్మిది పాయింట్ ఎనిమిది ఒకటి.

"నాన్నా, నాకు ఇది రాలేదు. నాకొచ్చింది పాయింట్ ఏడు ఎనిమిది" అంది.

"అదే కదమ్మా. తప్పొచ్చింది. పుస్తకంలో ఎనిమిది ఒకటని ఉంది. అందుకే వెనకనుంచి లెక్క కట్టుకొచ్చి రీడింగులు సర్దాను. రెండు చుక్కలు గీతకి బయట నిలబడ్డాయి, వాటిని కూడా లోపలికి లాగాను."

"వంద ఊపులు లెక్కపెట్టా నాన్నా! ఆరుసార్లు! చెయ్యి నొప్పి పుట్టింది. ఫ్యాన్ గాలి తగులుతుందని ఫ్యాన్ ఆపించా. అందరూ నన్ను తిట్టుకున్నారు, యూ నో?" అంది గీతాంజలి.

"తప్పని ఎవరు చెప్పింది?"

ఆ మాట అన్నది పఫ్‌ల పళ్ళెం దగ్గర నిలబడ్డ ముసలాయన. ఫిజిక్సు లాబ్‌లో సామాన్లు చూసుకునే భద్రయ్య. తాతల నాడే ఇక్కడికొచ్చిన కుటుంబం. ఆయన తెలుగులో తమిళమూ మలయూ కలిసి ఉంటాయి. ఇలాంటి సభలకి మర్యాదకి పిలుస్తారు, టిఫిను కోసం ఆయన వస్తాడు. చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు.

"ఐయ్యా, ఇరవయ్యారు వరుషాలుగా ఆ లాబ్‌లో ఉండాను. నేరుగా లెక్కపెట్టిన పిల్లకి ఈ ఊర్లో ఏడు ఎనిమిదే వస్తాది. ఇది సింగపూర్ కదా, లా! భూమి నడుం మీద కూర్చోని ఉండాం. లాగే బలం ఇక్కడ కొంచెం తక్కువ. ఎనిమిది ఒకటి లండన్ పక్కది. పుస్తకం అక్కడినుంచి వచ్చె, దాంతో అదీ వచ్చె."

ఆయన ఏమంటున్నాడని డీన్ అడిగాడు. భద్రయ్య అదే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు.

"మరి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?" అన్నాడు డీన్.

"ఎవురూ అడగలే. అడగంది సుమ్మా ఊరికే ఎందుకు చెప్పేది?" అని, భద్రయ్య బల్ల వెంబడి రెండడుగులు వేసి, కళ్ళజోడు సర్దుకుని మిగతా గాజుపలకల కింద చూశాడు. అదే ప్రయోగం ఇంకో రెండు పుస్తకాల్లో ఉంది. గోడమీద ఫ్రేములో నిరుడు వచ్చిన వాళ్ళది ఒకటి ఉంది, కౌశిక్ పేరుతో. అన్నిటిలోనూ ఎనిమిది ఒకటే. "అలమాక్, దేవుడా, వీళ్ళందరూ లండన్‌లో చేసినట్టుంది" అన్నాడు.

కౌశిక్ సీలింగు వైపు చూశాడు. అక్కడ చూడదగ్గది ఏమీ లేదు. డీన్ చప్పట్లు కొట్టి, అందరూ టీ తీసుకోవాలని గట్టిగా ప్రకటించాడు. ఆ రోజు తొమ్మిదిమందికి బ్యాడ్జీలు పెట్టారు.

జూరాంగ్ ఈస్ట్‌లో రైలు మారి యూ టీ చేరేదాకా గీతాంజలి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మంగతాయారు మాత్రం ఆపకుండా మాట్లాడింది. ఇరవై ఐదేళ్ళ కింద తన రికార్డులో మందారానికి ఒక కేసరం ఎక్కువ వేశాడని కూడా ఆ రైల్లోనే బయటపెట్టింది.

గురువారం మధ్యాహ్నం పార్థసారథి విశ్వనాథాన్ని తిండి అంగళ్ళుండే హాకర్ సెంటరుకి తీసుకెళ్ళాడు. ఆ ఊరి పద్ధతిలో టిష్యూ పొట్లం పెట్టి రెండు కుర్చీలు పట్టి ఉంచాడు. రెండు నేతి దోసెలు తనే తెచ్చాడు. ఐదేళ్ళలో ఎన్నడూ తేలేదు.

"చూడు విశ్వం, కమిటీ వాళ్ళు మంచివాళ్ళు. దీన్ని పెద్దది చెయ్యాలని ఎవడికీ లేదు. అమ్మాయి ఒక ఉత్తరం ఇస్తే చాలు. రాత మాత్రమే నాన్నది, రీడింగులు నావే, నాకొచ్చింది ఎనిమిది ఒకటే, నాన్న సరదాకి అలా అన్నాడు, అని. సోమవారం కల్లా ఇస్తే బ్యాడ్జీ ఇంటికి పంపిస్తారు. లేకపోతే రికార్డు వేరేవాళ్ళతో రాయించిందని పేరు కొట్టేస్తారు."

"మరి మిగతావాళ్ళవి?"

"మిగతావాళ్ళ సంగతి ఎవరడిగారు? పిల్లలు గురూ. భవిష్యత్తులు." పార్థసారథి ముందుకు వంగాడు. "అమ్మాయి రాత ఎవడూ చదవలేడు. అంచేత నువ్వే రాసిచ్చెయ్. కింద తను సంతకం పెడుతుంది."

విశ్వనాథం దోసె సగం వదిలేసి లేచాడు.

ఆదివారం భోజనాలయ్యాక, అలవాటు చొప్పున, మూడు కలాలూ తెల్లకాగితమూ ముందేసుకున్నాడు. పార్థసారథి చెప్పిందంతా ఇంట్లో చెప్పాడు. మంగతాయారు ఒక్క క్షణం ఆలోచించలేదు.

"రెండు ముక్కలు రాసి పడెయ్యండి. మీరు చెడగొట్టింది మీరే బాగుచెయ్యండి. రేపట్నుంచి లిఫ్టులో నలుగురికీ మొహం ఎలా చూపించమంటారు?"

గీతాంజలి సోఫాలో మోకాళ్ళు ముడుచుకుని టీవీ వైపు చూస్తోంది. టీవీ కట్టేసి ఉంది.

"నువ్వేమంటావు అమ్మలూ?"

"రాయి నాన్నా. వాట్‌ఎవర్. అయ్యాక ఇలా ఇవ్వు, సంతకం పెట్టేస్తా."

చదువుతానని అనలేదు. చదవదు కూడా. ఏడాదంతా ఆయన ఏం రాసిచ్చినా కింద పేరు పెట్టేసింది. నాన్న కదా, ఉన్నదున్నట్టే ఎక్కిస్తాడనుకుంది. ఇప్పుడు అబద్ధమని తెలిసి కూడా పెట్టేస్తానంటోంది, నాన్న అడిగాడు కాబట్టి. విశ్వనాథానికి తను చేసింది తప్పని సభలో అర్థం కాలేదు, రైల్లో అర్థం కాలేదు, పార్థసారథి దోసె పెట్టినప్పుడు కొంచెం అర్థమైంది. ఇప్పుడు పూర్తిగా అర్థమై సిగ్గుతో చచ్చిపోయాడు. వంద ఊపులు ఆరుసార్లు లెక్కపెట్టిన పిల్ల అది. తను హాస్టల్లో ముప్ఫైమందికి ఆ ప్రయోగం రాసిపెట్టాడు. ముప్ఫైసార్లూ కరెక్టు జవాబే వచ్చింది. దారానికి గుండు కట్టి ఊపింది మాత్రం ఒక్కసారి కూడా లేదు. తన రికార్డుకైనా సరే.

కలం మూత పెట్టేశాడు.

"నీ రఫ్ కాగితాలు ఉన్నాయా?"

"ఎందుకు?"

"తీసుకురామ్మా."

గీతాంజలి ఫైలు తెచ్చింది. అందులో సగం అంకెలు ఆయనకి బోధపడలేదు. పోయినసారి ఎలా చదివాడని మీరు అడగొచ్చు. చివరి జవాబూ గ్రాఫులో చుక్కలూ తప్ప ఏదీ చదవలేదు. జవాబు ముందే తెలిసినప్పుడు చదవడమెందుకు?

"ఇది ఒకటా, ఏడా?"

"ఏడు."

"దీని మీద ఈ గీతేంటి?"

"తప్పు లెక్కపెట్టి కొట్టేశా. మధ్యలో ఎవరో తలుపు తీశారు."

"కొట్టేసింది కూడా రాయాలా?"

"రాయాలి నాన్నా. అదే కదా పాయింటు" అంది గీతాంజలి, సోఫా దిగి వచ్చి నేలమీద ఆయన పక్కన కూర్చుంటూ.

ఆ పిల్ల చదివింది, ఆయన రాశాడు. ఒకవైపు ఆమెకి వచ్చిన అంకె, పక్కన తను మార్చిన అంకె. వంద ఊపులకి ఆమె గడియారంలో రెండువందల పాయింట్ తొమ్మిది సెకన్లు, తన పుస్తకంలో రెండువందల పాయింట్ ఆరు. అలా ఆరు వరసలు. పైన డీన్ గారికి నాలుగు వాక్యాలు: నా కూతురికి సరైన జవాబు వచ్చింది. అది తప్పనుకుని నేను చెడగొట్టాను. ఆమె ఆ పుస్తకం చదవకుండా సంతకం పెట్టింది, అది ఆమె తప్పు. మిగతాదంతా నాది. కింద, తన జీవితంలో మొదటిసారి, ఇంకొకరి కోసం రాసినదాని మీద తన పేరు పెట్టుకున్నాడు. మంగతాయారు వంటింట్లో గిన్నెలన్నీ అవసరం లేకపోయినా మళ్ళీ తోమింది.

గీతాంజలి పేరు కొట్టేశారు. ఉత్తరం అందిందనీ, తగిన చర్య తీసుకుంటామనీ డీన్ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. తీసుకున్న చర్య ఏమిటంటే, వచ్చే ఏడాది నుంచి బల్ల మీద పుస్తకాలు పెట్టే సంప్రదాయం రద్దు. కౌశిక్ బ్యాడ్జీ కౌశిక్‌కే ఉంది. సెలవుల్లో పరిశోధనశాల లేదు. ఆ రోజు గీతాంజలి గది తలుపు వేసుకుని ఏడ్చింది. విశ్వనాథం తలుపు బయట నేలమీద కూర్చున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక శనివారం పొద్దున భద్రయ్య ఫోన్ చేశాడు. "ఐయ్యా, మీరూ పాపా ఒకతూరి లాబ్‌కి రండి. ఒక తమాషా ఉండాది."

వెళ్ళారు. పెండ్యులమ్ బల్ల పైన గోడకి విశ్వనాథం ఉత్తరం నకలు అంటించి ఉంది. డీన్ ఆఫీసులో జిరాక్సు మిషను దగ్గర ఎవరో మర్చిపోతే తెచ్చుకున్నాడట. బల్లమీద ఈ ఏడాది మొదటి సంవత్సరం వాళ్ళ లాబ్ బుక్కులు నలభై. భద్రయ్య ఒక్కొక్కటే తెరిచి చూపించాడు. తొమ్మిది పాయింట్ ఏడు ఎనిమిది. ఏడు ఎనిమిది. ఏడు ఎనిమిది. నలభైకి నలభై.

"ఆలస్యంగా వచ్చి, గుండు ముట్టకుండా మకాన్‌కి, అదే తిండికి, వెళ్ళిపోయిన వాళ్ళకి కూడా అదే వచ్చింది" అన్నాడు భద్రయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

ముగ్గురూ పగలబడి నవ్వారు. గీతాంజలి నవ్వలేక స్టూలు మీద కూలబడింది. బ్యాడ్జీ పోయినప్పట్నుంచి ఆ పిల్ల అలా నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి ఆగాక విశ్వనాథం ఆ స్టాండు వైపు, దారానికి వేలాడుతున్న ఇత్తడి గుండు వైపు చూశాడు.

"నేనొకసారి చెయ్యొచ్చా?"

భద్రయ్య ఫ్యాను ఆపాడు. గీతాంజలి స్టాప్‌వాచ్ చేతికిచ్చి, గుండుని ఎంత దూరం లాగి వదలాలో చూపించింది. విశ్వనాథం వదిలాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి పెదాలు కదుపుతూ ఊపులు లెక్కపెట్టాడు. పన్నెండు దగ్గర తడబడి మళ్ళీ మొదలెట్టాడు. ఇరవైకి ఆపి, చెమట తుడుచుకుని, కాగితం మీద లెక్క కట్టాడు. తొమ్మిది పాయింట్ ఆరు తొమ్మిది వచ్చింది. ఇంకోసారి లెక్క కట్టాడు. అదే వచ్చింది.

"తప్పొచ్చిందే అమ్మలూ" అన్నాడు, బిక్కమొహం వేసి.

"రానీ నాన్నా. నీకొచ్చింది కదా" అంది గీతాంజలి.

విశ్వనాథం నల్ల కలం మూత తీశాడు. ఆరు తొమ్మిది అని రాశాడు.